ఆపిన బంతుల లెక్క

పోయిన ఆదివారం పొద్దుగూకే వేళ మా అన్న కూతురు మైదానం నుంచి వచ్చి, గ్లవ్‌ను గడప పక్కన పెట్టి, కాళ్లయినా కడుక్కోకుండా మెట్టు మీద కూర్చుంది. బడుల మధ్య జరిగిన సాఫ్ట్‌బాల్ పోటీలో వాళ్ల జట్టు గెలిచిందన్న సంగతి నాకు అప్పటికే తెలుసు. గెలిచి వచ్చిన పిల్ల మొహం ఇలా ఎందుకు వాడిందని అడిగాను.

"అత్తా, ఏడు బంతులు ఆపిన. ఒక్కటి గూడ ఇడిచిపెట్టలే. అయినా కప్పు గట్టిగ కొట్టినోళ్లకే ఇచ్చిండ్రు" అంది.

ఆ మాటలోని మంట నాకు కొత్తది కాదు. దాదాపు ముప్పై ఏళ్ల కిందట అదే మెట్టు మీద, అదే మాట నేను మా బాపుతో అన్నాను. అందుకని ఓదార్పు మాటలు పక్కన పెట్టి, ఫోన్ తీసి, దానికి ఒక మనిషి ఆట చూపించాను. ఆయన పేరు ఓజీ స్మిత్. అమెరికాలో, సాఫ్ట్‌బాల్‌కు అక్క లాంటి బేస్‌బాల్ ఆటలో, 1978 నుంచి 1996 వరకు పందొమ్మిది సీజన్లు షార్ట్‌స్టాప్ అనే చోట ఆడిన ఇన్‌ఫీల్డర్, అంటే లోపలి మైదానాన్ని కాసే మనిషి. ఆ రాత్రి పిల్లకు చెప్పినవీ, అది నిద్రపోయాక నాకు గుర్తుకొచ్చినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది బల్లార్‌పూర్, బల్లార్షా అని కూడా అంటారు. చంద్రపూర్ జిల్లాలో, వర్ధా నది ఒడ్డున ఉన్న ఊరు. తాత బొగ్గుబాయి పని కోసం కరీంనగర్ వైపు నుంచి వచ్చాడు, బాపు పేపర్ మిల్లులో చేశాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడుతూ పెరిగాం. మహారాష్ట్ర బడుల్లో సాఫ్ట్‌బాల్ ఎప్పటి నుంచో ఉంది కనుక, బేస్‌బాల్ ఆటను జన్మలో చూడని మా ఊరి ఆడపిల్లలకు కూడా షార్ట్‌స్టాప్ అనే మాట తెలుసు. ఏడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా నేను నిలబడ్డ చోటు అదే.

బేస్‌బాల్‌లోనూ సాఫ్ట్‌బాల్‌లోనూ బంతి విసిరే పిచ్చర్, కొట్టేవాడి వెనుక దాన్ని పట్టే క్యాచర్ కాక లోపలి మైదానాన్ని నలుగురు కాస్తారు. కొట్టినవాడు వరుసగా పరుగెత్తి చేరాల్సిన మజిలీలే బేస్‌లు. మొదటి, రెండవ, మూడవ బేస్‌ల దగ్గర ఒక్కొక్కరు ఉంటారు. నాలుగో మనిషికి తనదంటూ ఒక బేస్ ఉండదు. రెండవ బేస్‌కూ మూడవ బేస్‌కూ నడుమ ఖాళీలో నిలబడే ఆ మనిషే షార్ట్‌స్టాప్. కుడిచేతి బ్యాటర్లు ఎక్కువ కాబట్టి, వాళ్లు లాగి కొట్టినప్పుడు నేలబారుగా దూసుకొచ్చే బంతులు చాలావరకు అటే వస్తాయి. బేస్‌బాల్‌లో ఒక బేస్ నుంచి మరో బేస్‌కు 90 అడుగులు. కొట్టినవాడు మొదటి బేస్ చేరడానికి నాలుగు సెకన్ల పైన కొద్దిగా పడుతుంది. నేలబారు బంతి వాడికంటే ముందే అక్కడికి చేరితే వాడు ఔట్. ఆ నాలుగు సెకన్లలో షార్ట్‌స్టాప్ బంతి దారిని పసిగట్టాలి, పాదాలను దాని ముందుకు తేవాలి, ఎడమచేతి గ్లవ్‌తో అందుకోవాలి, కుడిచేతిలోకి మార్చుకోవాలి, మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు నేరుగా విసరాలి. ఇందులో ఏ ఒక్కటి అరక్షణం ఆలస్యమైనా తక్కినవన్నీ వృథా అవుతాయి. అన్నీ సరిగ్గా కుదిరిననాడు మాత్రం స్కోరు బోర్డు మీద ఒక్క అంకె కూడా కదలదు. మా పిల్ల బాధంతా ఆ కదలని అంకె గురించే.

ఓజీ స్మిత్ 1954 డిసెంబర్ 26న అలబామా రాష్ట్రంలోని మొబైల్ పట్టణంలో పుట్టి, లాస్ ఏంజెలెస్ నగరంలోని వాట్స్ అనే పేటలో పెరిగాడు. 1965లో ఆ పేటలో పెద్ద అల్లర్లు జరిగినప్పుడు ఆయనకు పదేళ్లు. తల్లిదండ్రులు విడిపోయాక తల్లి పెంపకంలో పెరిగిన ఆ పిల్లవాడు, తోడు దొరకనప్పుడు ఒంటరిగా ఆడుకునేందుకు ఆటలు తానే కల్పించుకున్నాడు. ఇంటి ముందరి కాంక్రీటు మెట్లకు బంతి కొట్టడం, తిరిగి వచ్చిన బంతిని పట్టడం, పట్టిన ప్రతిసారీ మెట్లకు ఇంకొంచెం దగ్గరగా జరగడం ఆయన ఆట. దూరం తగ్గినకొద్దీ బంతి తొందరగా వస్తుంది, ఆలోచించే వ్యవధి తగ్గిపోతుంది, చివరకు చేతులే కళ్ల పని కూడా చేయవలసి వస్తుంది. వెల్లకిలా పడుకుని, బంతిని పైకి ఎగరేసి, కళ్లు మూసుకుని పట్టుకునేవాడని కూడా ఆయన గురించి చెబుతారు. నేను దాన్ని చాలాసార్లు ప్రయత్నించి ముక్కు మీద దెబ్బలు తిన్నాను. బాపు కసురుకున్నా మానలేదు.

ఆ బాల్యంలోని ఇంకొక సంగతి నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది. పేటలో ఉన్న కలప అడితి దగ్గర ఓజీ, ఆయన స్నేహితులు టైర్ ట్యూబుల మీద నుంచి ఎగిరి, గాలిలో పల్టీ కొట్టి, రంపపు పొట్టు కుప్పల్లో పడేవారట. ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి వాసన వచ్చింది. బల్లార్షా టేకు డిపో పేరు ఎరగని కలప వ్యాపారి ఈ దేశంలో ఉండడు. డిపో చుట్టుపక్కల కోతమిల్లుల వెనుక రంపపు పొట్టు గుట్టలుగా ఉండేది. వానాకాలం రాకముందు ఆ గుట్టల మీదికి పరుగెత్తి దూకని పిల్ల మా వాడలో లేదు. టేకు పొట్టు చెమట పట్టిన మెడకు అంటుకుని రాత్రంతా దురద పెట్టేది. ఓజీ ఆ పొట్టులో నేర్చుకున్న పల్టీని తర్వాత వేలమంది ముందు, సీజన్ మొదటి రోజున తన స్థానంలోకి పరుగెత్తుతూ కొట్టేవాడు. అది ఆయన గుర్తుగా మిగిలిపోయింది.

లాక్ హైస్కూల్‌లో ఆయన సహ ఆటగాడు ఎడ్డీ మరే. తర్వాతి కాలంలో 500కు పైగా హోమ్ రన్లు, అంటే బంతిని మైదానం గోడ దాటించే దెబ్బలు, కొట్టిన మనిషి. ఎడ్డీని బడి ముగియగానే వృత్తి జట్టు తీసుకుపోయింది. ఓజీని అప్పుడు ఎవరూ అడగలేదు. చదువు మీద వచ్చిన పాక్షిక ఉపకార వేతనంతో కాల్ పాలీ కాలేజీలో చేరి, పిలుపు లేకుండానే జట్టు ఎంపికకు వెళ్లి చోటు సంపాదించాడు. కుడిచేతి వాటంగానూ ఎడమచేతి వాటంగానూ, రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేయడం అక్కడే నేర్చుకున్నాడు. వృత్తి జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు 1976లో డెట్రాయిట్ జట్టు ఎంచుకున్నా డబ్బు దగ్గర మాట కుదరక చదువు పూర్తి చేశాడు. 1977లో శాన్ డియేగో పాడ్రేస్ నాలుగో రౌండులో తీసుకుంది. చిన్న జట్టులో 68 ఆటలు ఆడాడో లేదో, మరుసటి ఏడే పెద్ద జట్టులో షార్ట్‌స్టాప్ అయ్యాడు.

1978 ఏప్రిల్ 20న అట్లాంటా బ్రేవ్స్‌తో ఆట. ఓజీ పెద్ద జట్టులోకి వచ్చి రెండు వారాలైనా నిండలేదు. జెఫ్ బరోస్ కొట్టిన బంతి పిచ్చర్ పక్కగా రెండవ బేస్ వైపు నేలబారుగా దూసుకుపోయింది. ఓజీ తన ఎడమకు పరుగెత్తి, బేస్ వెనుక గ్లవ్ చాచి గాలిలోకి దూకాడు. సరిగ్గా ఆ క్షణంలో బంతి నేలకు తగిలి అడ్డదిడ్డంగా లేచి, గ్లవ్‌ను తప్పించుకుని ఆయన వెనుకకు పోబోయింది. ఒళ్లంతా ముందుకు పోతోంది, బంతి వెనక్కు పోతోంది. ఆయన గాలిలో ఉండగానే వట్టి కుడిచేతిని వెనక్కు చాచి, ఆ ఒట్టి అరచేత్తో బంతిని పట్టి, పొట్ట మీద నేలకు పడి, పడిన వేగంతోనే లేచి, మొదటి బేస్‌కు విసిరాడు. బరోస్ ఔట్.

మా పిల్ల ఆ దృశ్యాన్ని పదిసార్లు వెనక్కు తిప్పి చూసింది. నాలుగోసారికి ఒక మంచి ప్రశ్న వేసింది: "గ్లవ్ తప్పిందని ఆయనకెప్పుడు తెలిసింది అత్తా?" దానికి నా దగ్గర ఉన్న జవాబు మెట్ల ఆట ఒక్కటే. మా మైదానంలో నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రె అంచు తగిలిన బంతి గడ్డం వైపు లేస్తుంది. అలా లేచిన బంతికి తల తిప్పుకోవడం శరీర ధర్మం. తల తిప్పకుండా ఉండడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఓజీ తల తిప్పకపోవడంతో ఆగలేదు, పోతున్న బంతి వెనుక తన చేతిని కూడా పంపాడు. మళ్లీ మళ్లీ తగ్గించుకుంటూ వచ్చిన దూరం ఆ చేతిలో ఉంది.

అంతటి ఆటగాడికి తొలి ఏళ్లలో బ్యాటు లొంగలేదు. 1979లో ఆయన సగటు .211, అంటే వంద ప్రయత్నాలకు ఇరవై ఒక్క హిట్లు. బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరితే అది హిట్. 1980లో .230, 1981లో .222. కానీ అదే 1980లో ఆయన 621 అసిస్ట్‌లు చేశాడు. తాను విసిరిన బంతి వల్ల ఎవరైనా ఔటైతే ఫీల్డర్ ఖాతాలో వేసే లెక్క పేరు అసిస్ట్. ఒక సీజన్‌లో షార్ట్‌స్టాప్ చేసిన అసిస్ట్‌లలో అంతవరకు 1924లో గ్లెన్ రైట్ చేసిన 601 పెద్దది. ఆ రికార్డు బద్దలైన ఏడాదే ఓజీకి, ఫీల్డింగ్‌లో మేటికి ఇచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి మొదటిసారి వచ్చింది. అదే ఏడాది జీతం గురించి యాజమాన్యంతో తగవు ముదిరి, ఆయన ఏజెంటు పత్రికలో 'పార్ట్ టైమ్ పని కావలెను' అని ప్రకటన ఇచ్చాడు. జట్టు యజమాని భార్య జోన్ క్రోక్ తోటమాలికి సహాయకుడి పని ఇస్తానని జవాబిచ్చింది. లోకమంతా చెప్పుకునే చేతులకు అంత ఖరీదు కట్టిన రోజులవి. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.

నా సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పదకొండో తరగతిలో ఒక పెద్ద జట్టు ఎంపికకు వెళ్లాను. మా బడిలో గ్లవ్‌లు తక్కువ. నాకు వచ్చినదానికి వేళ్ల నడుమ తోలు దారం తెగి ఉంటే, బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన చెప్పుల తోలుతోనే దాన్ని అల్లి ఇచ్చాడు. రాత్రి కొబ్బరినూనె రాసి, మధ్యలో బంతి పెట్టి, మంచం నవారు ముక్కతో బిగించి కట్టి, తలదిండు కింద పెట్టుకుని పడుకున్నాను. మరునాడు ఎంపికలో నా వైపు వచ్చిన బంతుల్లో ఒక్కటే జారింది. ఆ ఒక్కటి మినహా అన్నీ మొదటి బేస్ చేరాయి. అయితే రాసుకుంటున్నవారి కాగితంలో గళ్లు హిట్లకూ పరుగులకూ మాత్రమే ఉన్నాయి. నా పేరు ముందు రెండు హిట్లు ఉన్నాయి. ఆపిన బంతులకు ఆ కాగితంలో గడి లేదు. జాబితాలో నా పేరు లేదు. బాపు ఆ రాత్రి మెట్టు మీద నా పక్కన కూర్చుని, "మిల్లుల మిషిని ఆగకుంట నడిచినన్ని రోజులు నడిపెటోని పేరు ఎవ్వలకు ఎరుకుండదు బిడ్డా, ఆగిననాడే ఎరుకైతది" అన్నాడు. అది అప్పుడు నాకు ఊరటగా అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆ కాగితంలో ఇంకొక గడి ఉండి ఉండాల్సిందని ఈనాటికీ నమ్ముతాను.

ఆ గడిని చూడగలిగిన మనిషి ఓజీకి దొరికాడు. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మేనేజర్ వైటీ హెర్జాగ్ 1981 డిసెంబర్‌లో తన దగ్గరున్న గ్యారీ టెంపుల్టన్ అనే షార్ట్‌స్టాప్‌ను ఇచ్చి ఓజీని అడిగాడు. ఒప్పంద చిక్కులు తీరి 1982 ఫిబ్రవరికి మార్పిడి పూర్తయింది. టెంపుల్టన్ మంచి బ్యాటర్. 1979లో ఎడమవైపు నుంచి వంద, కుడివైపు నుంచి వంద హిట్లకు తగ్గకుండా కొట్టినవాడు. అంతటివాణ్ని ఇచ్చి, .222 సగటు వాణ్ని తెచ్చుకోవడం చాలామందికి వింతగా తోచి ఉంటుంది. హెర్జాగ్ ఓజీని మార్చాలని చూడలేదు, ఆయన వేగానికి తగిన బ్యాటింగ్ నేర్పాడు. బంతిని నేలబారుగా కొడితే తాను ఓజీకి ఒక డాలరు ఇవ్వాలి, గాలిలోకి లేపితే ఓజీ తనకు ఒక డాలరు ఇవ్వాలి అని పందెం కట్టాడు. ఏడాది చివరకు డబ్బు మేనేజర్ జేబులోంచే పోయింది. ఆ 1982లోనే కార్డినల్స్ మిల్వాకీ బ్రూయర్స్‌ను ఏడు ఆటల్లో ఓడించి, ఏడాది విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచింది.

సెయింట్ లూయిస్ బుష్ స్టేడియంలో అప్పుడు కృత్రిమ గడ్డి ఉండేది. దాని మీద బంతి నేల మీద కంటే వేగంగా వస్తుంది. అడ్డదిడ్డంగా లేవడం తక్కువే అయినా, చేరుకోవడానికి దొరికే వ్యవధి ఇంకా తక్కువ. సిన్సినాటి జట్టు షార్ట్‌స్టాప్ డేవ్ కాన్సెప్సియన్ అలాంటి గడ్డి మీద బంతిని కావాలనే ఒక్క గెంతు వేయించి మొదటి బేస్‌కు పంపే పద్ధతిని అలవాటులోకి తెచ్చాడు. ఇలాంటి చిన్న చిన్న ఉపాయాలు దొరికినప్పుడల్లా నా మనసు పసిపిల్లలా గంతులు వేస్తుంది.

1985 జులైలో మొదటి బేస్‌కు వెనక్కు దూకుతూ ఓజీ కుడి భుజం దెబ్బతిన్నది. లోపలి కండర బంధం చిరిగింది. షార్ట్‌స్టాప్‌కు విసిరే భుజం పోతే మిగిలేది ఏమీ ఉండదు. ఆయన శస్త్రచికిత్స వద్దనుకుని, వ్యాయామంతో భుజానికి బలం పెంచుకుని, విసిరే తీరు మార్చుకుని ఆట కొనసాగించాడు. దూరం విసరలేకపోతే తొందరగా విసరాలి, తొందరగా విసరాలంటే తొందరగా బంతిని చేరాలి. అక్కడ ఆయనకు పాదాలు సాయం చేశాయి.

ఆ భుజంతోనే అక్టోబర్ 14న లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌తో నేషనల్ లీగ్ విజేతను తేల్చే సిరీస్ ఐదో ఆటలో బ్యాటు పట్టుకుని ఎడమవైపు నిలబడ్డాడు. సిరీస్ 2-2, స్కోరు 2-2, తొమ్మిదో, అంటే మామూలుగా ఆఖరి ఇన్నింగ్స్. ఎడమవైపు నుంచి అంతవరకు 3,009 ప్రయత్నాలలో ఆయన ఒక్క హోమ్ రన్ కూడా కొట్టలేదు. టామ్ నీడెన్‌ఫ్యూర్ వేసిన బంతిని కుడివైపు గోడ మీదుగా కొట్టాడు. ఆట ముగిసింది. సెయింట్ లూయిస్ జనం ఇప్పటికీ ఆ రోజును పండుగలా తలుచుకుంటారు. నేను సంతోషిస్తాను, కానీ ఆ బంతిని ఆయన గొప్పతనానికి రుజువుగా చూపించడం నాకు ఇష్టం లేదు. పందొమ్మిదేళ్లలో ఆయన కొట్టిన హోమ్ రన్లు మొత్తం 28.

నాకు నచ్చిన ఏడాది 1987. ఆ సీజన్‌లో ఆయన సగటు .303, తన బ్యాటుతో ఇంటికి చేర్చిన పరుగులు 75, దొంగిలించిన బేస్‌లు (కొట్టిన బంతి సాయం లేకుండా పరుగెత్తి చేరినవి) 43, హోమ్ రన్లు సున్నా. కార్డినల్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ దాకా వెళ్లింది. లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి ఎంపికలో ఓజీ రెండో స్థానంలో నిలిచాడు. మొదటి స్థానం 49 హోమ్ రన్లు కొట్టిన ఆండ్రే డాసన్‌కు పోయింది. ఆయన జట్టు షికాగో కబ్స్ ఆ ఏడు తమ విభాగంలో ఆఖరి స్థానంలో ఉంది. డాసన్ చాలా గొప్ప ఆటగాడు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కాగితంలోని గళ్లు ఎలా గీస్తారన్నదే నా ప్రశ్న, ఆ ప్రశ్న బల్లార్‌పూర్ దాకా ఒకటే.

క్రికెట్ తెలిసినవారికి ఒక పోలిక చెబుతాను. మహారాష్ట్ర మనిషి ఏక్‌నాథ్ సోల్కర్ బ్యాటర్‌కు అతి దగ్గరగా, హెల్మెట్ లేకుండా నిలబడి 27 టెస్టుల్లో 53 క్యాచ్‌లు పట్టాడు. స్పిన్నర్లకు పడ్డ ఎన్నో వికెట్ల వెనుక ఆ చేతులు ఉన్నాయి. షార్ట్‌స్టాప్ అంటే ఏమిటో మా బాపుకు అర్థమైంది సోల్కర్ పేరు చెప్పినప్పుడే.

ఓజీకి 1980 నుంచి 1992 దాకా వరుసగా పదమూడు గోల్డ్ గ్లవ్‌లు వచ్చాయి. ఏటా మేటి ఆటగాళ్లతో కూర్చే ఆల్ స్టార్ జట్టులో పదిహేనుసార్లు ఉన్నాడు. 2,460 హిట్లు, 580 దొంగిలించిన బేస్‌లు ఆయన ఖాతాలో ఉన్నాయి. షార్ట్‌స్టాప్‌గా ఆయన చేసిన 8,375 అసిస్ట్‌లను ఇంతవరకు ఎవరూ దాటలేదు. ఒకే బంతికి ఇద్దరిని ఔట్ చేసే డబుల్ ప్లేలలో మాత్రం వెనెజువెలా నుంచి వచ్చిన ఒమర్ విజ్కెల్ ఆయనను దాటిపోయాడు. 8,375 అన్న అంకెను నేను ఒకసారి మెల్లగా ఊహించుకునే ప్రయత్నం చేశాను. అన్నిసార్లు వంగడం, అన్నిసార్లు గ్లవ్‌లోంచి బంతిని వేళ్ల మధ్యకు తెచ్చుకోవడం, అన్నిసార్లు ఒక మనిషి మొదటి బేస్‌కు అడుగు దూరంలో ఆగిపోవడం. మా పిల్ల ఆదివారం ఆపిన ఏడు కూడా ఆ జాతి అంకెలే.

ముగింపు అంత సుఖంగా జరగలేదు. 1995లో భుజానికి శస్త్రచికిత్స తప్పలేదు, ఆ ఏడు 44 ఆటలే ఆడాడు. 1996లో కొత్త మేనేజర్ టోనీ లా రుసా షార్ట్‌స్టాప్ స్థానాన్ని రాయిస్ క్లేటన్‌కూ ఆయనకూ పంచాడు. తన చోటు తానే గెలుచుకున్నానని నమ్మిన ఓజీ మనసు నొచ్చుకున్నాడు. ఆ జూన్‌లో, సీజన్ చివర ఆట మానేస్తానని ప్రకటించాడు. ఆయన వేసుకున్న 1 అంకె జెర్సీని కార్డినల్స్ ఇక ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. 2002లో, అర్హత వచ్చిన మొదటి ఏడే, వందకు తొంభైకి పైగా ఓట్లతో, బేస్‌బాల్ మహామహుల గౌరవ మందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నారు. తొంభై మందిలో ఎంతమంది ఆయన హిట్లు చూసి వేశారో, ఎంతమంది చేతులు చూసి వేశారో నేను ఊహించగలను.

సోమవారం తెల్లవారకముందే ముందువాకిట్లో టక్ టక్ మని చప్పుడైంది. వదిన తలుపు తీసి, పాలు తెచ్చే వేళకు ఇదేం ఆటని కోప్పడింది. మెట్టుకు పది అడుగుల దూరంలో మా పిల్ల, చేతిలో పాత రబ్బరు బంతి. పట్టిన ప్రతిసారీ చెప్పు కొనతో నేల మీద గీత గీసి, ఆ గీత దాటి ముందుకు జరుగుతోంది. వాకిట్లో అప్పటికి ఐదు గీతలున్నాయి. ఆరో గీత దగ్గర బంతి మోకాలికి తగిలి తులసికోట వెనుకకు పోయింది. తెచ్చుకుని, చీకట్లో నన్ను చూసి, "అత్తా, మల్ల ఐదో గీతకు పోవాల్నా, ఈడికెల్లే కొట్టాల్నా?" అని అడిగింది.

అక్కడి నుంచే కొట్టమన్నాను.